పోలిగాడు మోసుకొచ్చిన చప్పుడు

ఆగస్టు 8

పదహారు రకాలు. తెల్లవారగానే పది నిమిషాలు, ఎప్పటిలాగే నీళ్లతొట్టె పక్కనున్న బండ మీద. అడవికోడి, చిలుక, రెండు జాతుల పికిలిపిట్టలు, జెముడుకాకి, వడ్రంగిపిట్ట, గోరింక... మిగతావి ఫోనులోనే ఉన్నాయి, మళ్లీ ఇక్కడ రాయను. ఫోను కుడిమూల పగులు ఇంకాస్త పాకింది. నాలుగు రోజులుగా ఎండ లేక సోలార్ పలక సరిగ్గా చార్జ్ ఎక్కించడం లేదు. పిట్టల కూతలు గుర్తుపట్టే యాప్ ఒక్కటి ఉంచి మిగతావన్నీ ఆపేశాను.

పదహారంటే ఫరవాలేదు. తొమ్మిదికి తగ్గితే నేను గంట కొట్టాలి. మెట్టవలసలో ఉన్న అరవై మందీ తలుపులు బిగించుకుని సందుల్లో తడిగుడ్డలు కుక్కుకోవాలి. కింద మునిగిపోయిన ఊళ్ల మీద నుంచి విషపు పాచిగాలి పైకి ఎక్కిందంటే మొదట రాలిపోయేవి పిట్టలే. మనకి ఆ తరవాత ఓ గంట వ్యవధి ఉంటుంది.

నిన్న రాత్రంతా కుండపోత. తెల్లవారుజామున కొండకి అవతల చాలాసేపు ఉరిమింది. అవతల పాత రైలు సొరంగంలో ఉంటున్న వాళ్లలో మా చెల్లెలు సూరీడమ్మ కూడా ఉంది. దానికి నెలలు నిండాయి. రోజూ సాయంత్రం వాళ్ల రేడియో ఒకే ఒక్క వాక్యం పంపుతుంది: "సొరంగం క్షేమం, జనం ముప్పై ఎనిమిది." ఆ అంకె ముప్పై తొమ్మిది ఎప్పుడవుతుందా అని వారం రోజులుగా మా రేడియో చూసే దాలినాయుడి పక్కన కూర్చుంటున్నాను. ఇవాళా ముప్పై ఎనిమిదే.

ఆగస్టు 9

పదిహేను రకాలు.

వాటిలో ఒకటి పసులపోలిగాడు, అడవుల్లో ఉండే జాతి. నల్లగా నిగనిగలాడుతూ, తోక నుంచి రెండు పొడుగాటి తీగలు వేలాడుతూ, వాటి చివర చిన్న కుచ్చులు. తొట్టె ఎదుట ఎండు కొమ్మ మీద వాలింది. ఇది దొంగ పిట్ట. డేగలా అరిచి మిగతా పిట్టల్ని బెదరగొట్టి, అవి వదిలేసి పోయిన పురుగుల్ని తింటుంది. ఏది వింటే అది కూస్తుంది. యాప్ దాని పేరు కింద ఒక్కో ముక్కనీ విడదీసి చూపించింది. అనుకరణ: చిలుక. అనుకరణ: డేగ. అనుకరణ: తెలియదు.

ఆ 'తెలియదు' నాలుగు సెకన్లు. తిరిగి పెట్టుకుని విన్నాను. సన్నగా మొదలై, పైకి లేచి, అక్కడే కాసేపు నిలబడి, మెల్లగా దిగిపోయింది. రెండోసారి పెట్టేసరికి గుర్తుపట్టాను. అది సొరంగం వాళ్ల సైరన్. సూరీడమ్మ పెళ్లికి వెళ్లినప్పుడు దాని మొగుడు, మా మరిది పెంటయ్య, ఆ సైరన్ పిడి తిప్పి వినిపించాడు. అది మోగితే అర్థం ఒక్కటే: పాచిగాలి వచ్చింది, లోపల మూసుకున్నాం, ఎవరూ ఇటు రావద్దు.

ఎవరికీ చెప్పలేదు. నిరుడు ఫోను చెవి తడిసి, ఏడు రకాలే వినిపించాయని నేను గంట కొట్టాను. మండుటెండల్లో మూడు రోజులు అందరూ తలుపులు మూసుకుని కూర్చున్నారు. గాలి శుభ్రంగానే ఉంది. కానీ ఇరవై మేకలు, ఒక ముసలాయన ఉక్కకి పోయారు. ఆ రోజు నుంచి నేను వీధిలో నడుస్తుంటే మాటలు ఆగిపోతాయి.

సాయంత్రం రేడియో: క్షేమం, ముప్పై ఎనిమిది. చూశావా, ఉత్తి భయం, అని నాకు నేనే చెప్పుకున్నాను.

ఆగస్టు 10

పదహారు. పోలిగాడు మళ్లీ వచ్చాడు. సైరన్ రెండుసార్లు. చెప్పలేదు.

ఆగస్టు 11

పదహారు.

ఇవాళ కొత్తది. టక్ టక్ టక్ టక్, గబగబా ఎనిమిది దెబ్బలు, కాసేపు ఆగి మళ్లీ ఎనిమిది. యాప్ ఇలా చూపించింది: అనుకరణ, వడ్రంగిపిట్ట, నమ్మకం నలభై ఒక్క శాతం. ఈ యాప్‌తో ఆరేళ్లుగా పొద్దులు గడుపుతున్నాను. వడ్రంగిపిట్టని అది ఎప్పుడూ తొంభైకి తక్కువగా గుర్తుపట్టలేదు.

ఫోను తీసుకుని దాలినాయుడి దగ్గరికి పరిగెత్తాను. వాడు రేడియో పెట్టె విప్పి తుడుస్తున్నాడు. విన్నాడు. మళ్లీ పెట్టమన్నాడు.

"ఇది కర్ర మీద దెబ్బ కాదక్కా. మోత సూడు, సాగతంది. ఇనుం మీద ఇనుం."

"రైలు పట్టా?"

వాడు చేతిలో స్క్రూడ్రైవర్‌తో పెట్టె అంచు మీద ఒక్కసారి కొట్టి, చెవి ఒగ్గి విన్నాడు. తరవాత దాన్ని పక్కన పెట్టేశాడు.

"సింహాద్రి మామకి సెప్పీయాల," అన్నాడు.

ఆగస్టు 12

సింహాద్రి మామ మా మెట్టవలసకి పెద్ద. అందరినీ కిందనుంచి కొండ మీదికి నడిపించి తెచ్చినవాడు. దారిలో ఎవరెవరు పోయారో పేరుపేరునా చెప్పగలడు. వాళ్లింటి అరుగు మీద తొమ్మిది మంది కూర్చున్నారు. నేను మూడు రికార్డింగులూ వినిపించాను.

ముందు మామే అన్నాడు.

"గౌరీ, పిట్టకేటి తెలుసమ్మా? అది నిరుడు విన్నది ఈయేడు కూస్తాది. ఆ సైరను ఏ పొద్దుదో, ఆ దెబ్బలు ఏ కమ్మరోడియో."

"మొన్నటి దాకా దెబ్బల్లేవు మామా. తొమ్మిదో తేదీన ఒట్టి సైరనే. ఒకటొకటీ నేర్సుకుంటంది."

"అలగే అనుకో. సైరనంటే ఏటర్థం? రావొద్దనీ. రావొద్దన్నోల్ల గుమ్మంలోకి నా మనుసుల్ని ఎలగ పంపమంటావు? అక్కడ గాలి సెడితే, ఎల్లినోల్లు ఎల్లినట్టే."

"మరి ఆ దెబ్బలు?"

"లోపల తలుపు బాగుసేసుకుంటన్నారేమో. రేడియో సెప్తంది కదా, అందరూ బాగున్నారని."

వెనక నుంచి ఎవరో గొణిగారు. "నిరుడు గంట, ఈయేడు పిట్ట."

ఎవరన్నారో తిరిగి చూడలేదు. సూరీడమ్మ మాట ఎత్తాను. మామ లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. కళ్లు మాత్రం వీధిలో ఆడుతున్న పిల్లల మీదే ఉన్నాయి. ఆయనకీ భయమే. నాతో సమానంగా భయం. కాకపోతే ఆయన భయం అరవై మంది కోసం, నాది ఒక్కదాని కోసం.

ఆగస్టు 13

పదహారు. పోలిగాడు వచ్చాడు.

దెబ్బలు నాలుగే. ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య నేను ఒకసారి ఊపిరి తీసి వదిలేంత ఎడం.

పిట్ట తప్పుగా నేర్చుకుని ఉండొచ్చు. సగమే కూసి మానేసి ఉండొచ్చు. కొట్టే మనిషి నీరసపడ్డాడని ఒప్పుకోలేక రోజంతా నాతో నేనే వాదించుకున్నాను. అన్నం పొయ్యి మీద మాడిపోయింది.

ఆగస్టు 14

బండ మీద కూర్చోగానే అది తలకి ఎదురుగా, చేయి చాస్తే అందేంత దగ్గరలో వాలింది. చిలుక కూసింది. సైరన్ కూసింది. తరవాత గొంతు మార్చింది.

ఇంగా. ఇంగా. మధ్యలో ఊపిరి అందక ఆగి, మళ్లీ ఇంగా.

యాప్ తెర మీద: తెలియదు.

నాకు తెలుసు. బిడ్డ పుట్టిన మొదటి రోజుల ఏడుపు ఇంకెలా ఉంటుంది? మెట్టవలసలో అందరికంటే చిన్నపిల్లకి మూడేళ్లు. ఈ పిట్ట ఈ ఏడుపు ఇక్కడ వినలేదు. కిందటేడు వినడానికి సొరంగంలో కూడా పసిబిడ్డ లేదు. వాళ్లందరిలో కడుపుతో ఉన్నది మా సూరీడమ్మ ఒక్కతే.

ఈసారి పరిగెత్తలేదు. నడిచి వెళ్లాను. దాలినాయుడి గుమ్మం పట్టుకుని అడిగాను.

"నిన్న సాయంత్రం అంకెంత?"

"ముప్పై ఎనిమిది."

"బిడ్డ పుట్టింది. ఈ ఏడుపు విను. పుడితే ముప్పై తొమ్మిది అవ్వాల గదా?"

వాడు విన్నాడు. రేడియో పుస్తకం తీసి వెనక్కి తిప్పడం మొదలుపెట్టాడు. మాట వచ్చిన వేళ రోజూ రాస్తాడు వాడు. ఆరో తేదీ దాకా ఒకరోజు ఆరుంబావుకి, ఒకరోజు ఆరున్నరకి, ఒకరోజు ఏడుకి. ఏడో తేదీ నుంచి వరసగా సరిగ్గా ఆరు గంటల రెండు నిమిషాలకి.

"మనిసి మాటాడతన్నాడనుకున్నానక్కా," అన్నాడు. పుస్తకం మూసేశాడు. "మిషను పాతమాట తిప్పి పంపతంది. లోపల్నుంచి ఎవురూ ముట్టుకోకపోతే అది అలగే పంపుతాది. సంవచ్చరమైనా పంపుతాది."

మామ ఏడుపు ముక్క రెండుసార్లు విన్నాడు. మూడోసారి పెట్టబోతే వద్దని చెయ్యి ఊపాడు.

"గునపాలెన్నున్నాయి?" అని అడిగాడు.

ఆగస్టు 15

బయల్దేరింది పదకొండు మందిమి. నేను ముందు. మనుషులకంటే యాభై అడుగుల ముందు ఫోను పట్టుకుని నడవాలి, ప్రతి మలుపులో ఆగి పది నిమిషాలు వినాలి. గాలి చెడిందీ లేనిదీ నేను చెబితే గానీ మిగతావాళ్లు అడుగు వేయరు. మామ పెట్టిన షరతు ఇది. వెనక మామ కూడా ఉన్నాడు. వద్దన్నా వినలేదు.

మొదటి మలుపు: పద్నాలుగు.

రెండో మలుపు, వెదురు పొదల దగ్గర: పదమూడు.

మూడోది: పదకొండు. అందరూ తడిగుడ్డలు మెడల్లోంచి ముక్కుల మీదికి జరుపుకున్నారు.

నాలుగోది, శిఖరానికి కాస్త కింద: ఏడు.

తొమ్మిదికి తగ్గితే వెనక్కి తిరగాలి. ఆరేళ్లుగా పిల్లలకి కూడా నేర్పుతున్న నియమం. నేను నిలబడిపోయాను. వెనక గునపం నేలకి తగిలిన చప్పుడు. మామ నా దగ్గరికి వచ్చాడు.

"ఎంత?"

అబద్ధం చెబుదామనిపించింది. నిజంగానే నోటిదాకా వచ్చింది, పన్నెండు అని.

"ఏడు," అన్నాను.

"అయితే?"

"మీరంతా ఇక్కడే ఉండండి. నానొక్కదాన్ని ఎల్లి ఇంకో పది నిమిషాలు ఇంటాను. గంటలో రాకపోతే తిరిగిపోండి."

శిఖరం దాకా రెండు వందల అడుగులు ఉంటుంది. గుడ్డలోంచి ఊపిరి తీస్తుంటే బట్ట నోట్లోకి వచ్చి అతుక్కుంటోంది. పాచిగాలికి కుళ్లిన గుడ్డు వాసన ఉంటుందంటారు. మొదట వస్తుంది, తరవాత ముక్కు మొద్దుబారి వాసనే తెలియదట. ప్రతి అడుగుకీ వాసన చూశాను. వాసన లేదు. వాసన లేకపోతే మరీ భయం వేసింది. పైకి చేరి బండ మీద కూలబడి ఫోను నొక్కాను.

నాలుగు.

కింద పిట్టలు రాలి ఉంటాయని నేల వెతికాను. ఒక్కటి లేదు. రెక్క కూడా లేదు. చీమలు మామూలుగా వరస కట్టి పోతున్నాయి. అప్పుడు తల ఎత్తి అవతలికి చూశాను. పిట్టలెందుకు లేవో తెలిసింది.

చెట్లు లేవు. కొండ అవతలి పక్క, శిఖరం నుంచి కింద రైలుకట్ట దాకా, అడవి మొత్తం జారిపోయింది. ఎర్రమన్ను, వేళ్లు పైకి తిరిగిన మానులు, గుడిసెలంత రాళ్లు. సొరంగం ముఖం ఉండవలసిన చోట మట్టి గుట్ట. ఏడో తేదీ రాత్రి మేం విన్నది ఉరుము కాదు.

గుడ్డ పీకేసి, వెనక్కి తిరిగి రెండు చేతులూ ఊపుతూ అరిచాను. ఏమని అరిచానో నాకు గుర్తులేదు. అందరూ పరిగెత్తుకొచ్చారు.

ఆగస్టు 16

వేళ్ల నిండా మట్టి, కాగితం మీద అక్షరాలు సరిగ్గా పడడం లేదు. కొద్దిగా రాస్తాను.

సొరంగం పైన, జారిపోకుండా మిగిలిన ఒక చిన్న తిప్ప మీద గాలిగొట్టం ఉంది. తల పట్టేంత వెడల్పు, మనిషి దూరలేడు. పక్కన ఒకే ఒక్క మద్దిచెట్టు నిలబడి ఉంది. దాని కొమ్మ మీద పోలిగాడు. ఈ గొట్టంలోంచి వచ్చిన ప్రతి చప్పుడూ వాడు ఈ కొమ్మ మీద కూర్చుని విన్నాడన్నమాట.

నేను బోర్లా పడుకుని గొట్టంలోకి తల పెట్టి సూరీడమ్మని పిలిచాను. ఏమీ లేదు. దాలినాయుడు గునపంతో గొట్టం అంచు మీద మూడు దెబ్బలు కొట్టాడు. అందరం గొట్టం చుట్టూ వంగి విన్నాం.

లోపల్నుంచి ఒక దెబ్బ.

ఒక్కటే. చాలా సేపటి తరవాత ఇంకొకటి.

సింహాద్రి మామ గునపం తీసుకుని, అందరికంటే ముందు గుట్ట ఎక్కాడు. గొట్టంలోంచి తాడు కట్టి నీళ్లు, గంజి దింపుతున్నాం. తాడు కింద ఎవరో పట్టుకుని లాగుతున్నారు. ఎవరో తెలియదు, గొంతులో సత్తువ లేదేమో, మాట పైకి రావడం లేదు.

మట్టి తవ్వినకొద్దీ పైనుంచి జారుతోంది. మళ్లీ వాన పడితే మేం కూడా దీని కిందే.

ఆగస్టు 17

మధ్యాహ్నం దారి పడింది. ఇనుప తలుపు లోపలికి వంగిపోయి ఉంది. ఆ సందులోంచి ముందు ఒక చెయ్యి వచ్చింది, వెలుగు తగలగానే వెనక్కి పోయింది. కళ్లకి గుడ్డలు కట్టి ఒక్కొక్కరినీ బయటికి తెచ్చాం.

ముప్పై ఇద్దరు. మిగిలిన ఏడుగురిలో నలుగురు కొండ జారిన రాత్రే తలుపు దగ్గర పోయారు. ముగ్గురు తరవాత పోయారు.

సూరీడమ్మ ఇరవై ఆరోది. నడిచే వచ్చింది. బిడ్డ దాని రవికలో ఉన్నాడు, బతికే ఉన్నాడు. "పెంటయ్యేడే?" అని అడిగాను. అది తల అడ్డంగా ఊపింది.

ఆగస్టు 19, మెట్టవలస

ఇవాళ పొద్దున్న చెల్లెలు మాట్లాడింది. నేను దాని జుట్టులో మట్టి కడుగుతున్నాను. వెనక్కి తిరగకుండానే చెప్పింది.

కొండ జారగానే పెంటయ్య సైరన్ అందుకున్నాడట, పిడి విరిగేదాకా తిప్పాడట. రేడియో కూలిన రాళ్ల అవతల పడిపోయింది, ఎవరి చేతికీ అందలేదట. తరవాత రైలు పట్టా మీద సుత్తి. గొట్టం కింద కూర్చుని, రోజుకి మూడు పూటలు. ఎవరో వింటారు, ఎవరో ఒకరు వినకుండా ఉండరు అని అందరికీ చెప్పేవాడట. తన వంతు తిండి దీనికి పెట్టేవాడు. కొండ జారినప్పుడే కాలు నలిగింది, ఎవరికీ చూపించలేదు. అది కుళ్లి పదమూడో తేదీ సాయంత్రం పోయాడు. ఆ తరవాత కొట్టింది సూరీడమ్మ.

నేను కడవలోంచి నీళ్లు పోస్తూనే ఉన్నాను.

"అక్కా, మా దెబ్బలు నీకెలగ వినపడ్డాయి?"

పిట్ట సంగతి చెప్పాను.

"ఎప్పుడిన్నావు?"

చెయ్యి ఆగిపోయింది. శిఖరం మీద నాలుగు అని చూసినప్పుడు కూడా ఇంత భయం వేయలేదు.

"తొమ్మిదో తారీకు పొద్దున్న సైరనిన్నాను," అన్నాను. "రెండ్రోజులు ఎవరికీ సెప్పనేదు. నిరుడు గంట కొట్టినాను కదా, మళ్లీ నవ్వుతారని. పదకొండున సెప్పినాను, పన్నెండున మామ వద్దన్నాడు. అప్పుడు నానొక్కదాన్నైనా రావొచ్చు. రానేదు. భయమేసింది."

అది వేళ్ల మీద లెక్క పెట్టుకోవడం నాకు కనపడింది. తొమ్మిది, పది, పదకొండు. పదమూడు దగ్గర ఆగింది. అక్కడ వేలు మడిచి, అలాగే చాలాసేపు పట్టుకుంది. జుట్టులోంచి నీళ్లు వీపు మీదికి కారుతున్నాయి, తుడవడానికి నాకు ధైర్యం చాలలేదు.

"నువ్వు సెప్పకపోతే నాకు తెలిసేది కాదు," అంది.

"తెలిసేది కాదు."

అది లేచింది. బిడ్డని చంక నుంచి తీసింది. ఇంటికి వచ్చినప్పటి నుంచీ వాడిని ఎవరి చేతికీ ఇవ్వలేదు, నిద్రలో కూడా గుప్పిట్లో వాడి గుడ్డ పట్టుకునే ఉంది. నా ఎదుట నిలబడి, నా ముఖంలోకి చూడకుండా, వాడిని నా చేతుల్లో పెట్టింది.

"కాసేపు సూస్కో. నాను పడుకోవాల."

చాప మీద గోడ వైపు తిరిగి పడుకుంది. రెండు నిమిషాల్లో నిద్రపోయింది. క్షమించిందో లేదో నాకు తెలియదు, అడగను.

వాడు నా మోచేతి మడతలో ఇమిడిపోయాడు, పిడికెడంత ఉన్నాడు. కళ్లు మూసుకుని నిద్రపోతున్నాడు. చాలాసేపటి నుంచి కదలలేదు. పక్కన ఇంట్లో రోకలి చప్పుడు, వీధిలో ఎవరివో మాటలు, ఇవేవీ అక్కర్లేదు నాకు. తల వంచి, చెవి వాడి ముక్కుకి ఆనించి, ఊపిరి కోసం వింటూ కూర్చున్నాను.